రేడియేషన్ రోజుల్లో చేప నూనె, వైటమిన్ ఇ: స్వరపేటిక క్యాన్సర్ కేసు ఒకటి

రోగికి 54 ఏళ్లు. గోదావరి డెల్టాలో రొయ్యల చెరువులు సాగు చేస్తారు. బీడీ అలవాటు పాతికేళ్ల పైమాటే. గొంతు బొంగురుపోయి, మింగినప్పుడల్లా కుడి చెవిలోకి పోటు వస్తుంటే ముందు ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి, అక్కడి నుంచి మా దగ్గరికి వచ్చారు. ఆయన్ని గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను.

ఎండోస్కోపీలో స్వరతంత్రులకు పైభాగాన పుండు కనిపించింది. కుడి స్వరతంత్రి కదలడం లేదు. బయాప్సీలో స్క్వామస్ సెల్ కార్సినోమా అని తేలింది. మెడలో కుడివైపు గ్రంథి ఒకటి, 3 సెం.మీ. లోపే. ఛాతీలో ఏమీ లేదు. దశ టీ3, ఎన్1, ఎం0: అంటే స్వరపేటికలో కణితి ముదిరింది, మెడలో ఒక గ్రంథికి పాకింది, దూరంగా ఎక్కడికీ పోలేదు. స్వరపేటిక తీసేయకుండా కీమోరేడియేషన్‌తో వెళ్దామని ట్యూమర్ బోర్డు (వేర్వేరు విభాగాల డాక్టర్లు కలిసి కూర్చునే కమిటీ) నిర్ణయం: 35 విడతల్లో 70 గ్రే (రేడియేషన్ డోసు కొలత), వారానికి 5 రోజుల చొప్పున 7 వారాలు, దాంతోపాటు వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు, ఒంటి ఉపరితలం చదరపు మీటరుకు 40 మి.గ్రా. మొదలుపెట్టేనాటికి బరువు 61 కిలోలు, హిమోగ్లోబిన్ 11.6, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ మామూలుగానే ఉంది.

ఇంతవరకూ మా ఓపీలో రోజూ కనిపించే కేసే. దీన్ని రాయాలనిపించడానికి కారణం మొదటి వారం రివ్యూలో బయటపడిన మందుల సంచి.

మేం రాసిన మందులు కాక ఇంకేమైనా వాడుతున్నారా అని సిస్టర్ అడిగితే, లేదన్నారు. "బలానికి ఏమైనా?" అని అడిగేసరికి ఆయన భార్య సంచిలోంచి మూడు సీసాలు తీసి బల్ల మీద పెట్టారు. చేప నూనె క్యాప్సూళ్లు, వైటమిన్ ఇ 400 ఐయూ, సెలీనియం 200 మైక్రోగ్రాములు. "మా అబ్బాయి పంపాడండి, డాలస్‌లో ఉంటాడు. ఇవి వేసుకుంటే రేడియేషన్ వేడి ఒంటికి తగలదంట," అన్నారు. రేడియేషన్ ఎక్కడ పడాలో గీసుకోవడానికి ప్లానింగ్ సీటీ తీసిన రోజు నుంచీ మూడూ వేస్తున్నారు.

ఇలాంటి సీసాలు చూసినప్పుడు మామూలుగా డాక్టర్లం చేసేది రెండే. "ఏం ఫర్వాలేదు, వేసుకోండి" అంటాం, లేదా "అవన్నీ ఆపేయండి" అని కారణం చెప్పకుండా పంపేస్తాం. ఆ మూడు సీసాలూ పక్కపక్కన చూస్తే నాకు వేరే సంగతి తట్టింది. వాటిలో ఒకటి కణాన్ని చావువైపు నెడుతుంది, తక్కిన రెండూ అదే చావు నుంచి కాపాడతాయి. పంపిన అబ్బాయికి ఈ సంగతి తెలిసే అవకాశం లేదు.

కణం ఎలా చస్తుంది

మా చదువులో రేడియేషన్ అంటే డీఎన్‌ఏ కథే. 1 గ్రే డోసుకు ఒక్కో కణంలో సుమారు 40 చోట్ల డీఎన్‌ఏ రెండు పోగులూ తెగుతాయి. సరిగ్గా అతుక్కోని కణం తర్వాత విభజన జరిగేటప్పుడు కుప్పకూలుతుంది. కొన్ని అపాప్టోసిస్‌తో, అంటే తమను తామే పద్ధతిగా చంపుకుని, పోతాయి, కొన్ని చావకుండా ముసలితనంలోకి వెళ్లి ఆగిపోతాయి. ఈ లెక్క ఇప్పటికీ నిజమే, డోసులు రాసేది దీన్ని బట్టే.

ఐతే కణం చుట్టూ పొర ఉంది. ఆ పొర కొవ్వు ఆమ్లాలతో కట్టింది. ఏ కొవ్వు ఆమ్లాలన్నది మనం తిన్నదాని మీద, కణం లోపలి ఎంజైమ్‌ల మీద ఆధారపడి ఉంటుంది. కొవ్వు ఆమ్లంలో రెండు ద్విబంధాల నడుమ చిక్కుకున్న కర్బనం ఉంటే, దాని హైడ్రోజన్ తేలిగ్గా ఊడిపోతుంది. వేరుశనగ నూనెలో ఎక్కువగా ఉండే ఒలీయిక్ ఆమ్లానికి ద్విబంధం ఒక్కటే కాబట్టి అలాంటి బలహీనమైన చోటు లేదు. పొద్దుతిరుగుడు నూనెలోని లినోలీయిక్ ఆమ్లానికి ఒకటి ఉంది. ఆరాకిడోనిక్ ఆమ్లానికి మూడు. చేప నూనెలోని డీహెచ్‌ఏ అనే ఒమేగా-3 కొవ్వు ఆమ్లానికి ఐదు. హైడ్రోజన్ ఊడిన చోట ఆక్సిజన్ చేరుతుంది, అది పక్క కొవ్వు ఆమ్లం నుంచి హైడ్రోజన్ లాక్కుంటుంది, అలా గొలుసులా సాగిపోతుంది. డబ్బా మూత తీసి వదిలేసిన నూనె ముక్కవాసన వేయడం కూడా రసాయనపరంగా ఇదే. పొరలో అది అదుపు తప్పితే పొర చిరిగి కణం చస్తుంది. ఇనుము తోడైతేనే సాగే ఈ చావుకు ఫెరాప్టోసిస్ అని 2012లో కొలంబియా విశ్వవిద్యాలయంలోని బ్రెంట్ స్టాక్‌వెల్ బృందం పేరు పెట్టింది.

దీనికీ రేడియేషన్‌కూ సంబంధం ఉందని గట్టిగా తేలింది 2019, 2020లలో. మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఒకటి చూపించారు: రేడియేషన్ తగిలాక డీఎన్‌ఏ నష్టాన్ని పసిగట్టే ఏటీఎం అనే ప్రొటీన్, ఎస్‌ఎల్‌సీ7ఏ11 అనే ద్వారాన్ని తగ్గించేస్తుంది. కణంలోకి సిస్టీన్ అనే అమైనో ఆమ్లం వచ్చేది ఆ దారినే. సిస్టీన్ లేకపోతే కణాన్ని కాపాడే గ్లూటాథియోన్ తయారవదు, గ్లూటాథియోన్ లేకపోతే పాడైన కొవ్వును బాగుచేసే జీపీఎక్స్4 ఎంజైమ్ పనిచేయదు. హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్ బృందం ఇంకో వైపు నుంచి వచ్చింది. రేడియేషన్ తగిలిన కణాల్లో ఏసీఎస్‌ఎల్4 పెరుగుతుంది. ద్విబంధాలు ఎక్కువున్న కొవ్వు ఆమ్లాలను పట్టుకుని పొరలోకి చేర్చడానికి సిద్ధం చేసే ఎంజైమ్ అది. అదే బృందం గమనించిన మరో విషయం నాకు ముఖ్యమనిపించింది. కొన్ని కణాలు రేడియేషన్ తగలగానే ఎస్‌ఎల్‌సీ7ఏ11నూ జీపీఎక్స్4నూ పెంచుకుని తప్పించుకుంటాయి. రేడియేషన్‌కు లొంగని కణితుల్లో ఈ రక్షణ ఒక కారణం.

అంటే డీఎన్‌ఏను కొట్టడం మెషీన్ పని. ఆ దెబ్బ తిన్న కణం పొర నిలబడుతుందా చిరుగుతుందా అన్నదాంట్లో కొవ్వు ఆమ్లాలకూ వాటిని కాపాడే యాంటీ ఆక్సిడెంట్లకూ వాటా ఉంది.

ఇప్పుడు ఆ మూడు సీసాలు చూడండి. వైటమిన్ ఇ ఈ గొలుసును నేరుగా తెంపుతుంది. ల్యాబుల్లో ఫెరాప్టోసిస్ జరిగిందని రుజువు చేయడానికి కణాలకు కలిపి చూసే పదార్థాల్లో అదీ ఒకటి. జీపీఎక్స్4 పనిచేసే చోట ఉండే మూలకమే సెలీనియం. లోటు ఉన్నవాళ్లకు దాని లెక్క వేరు గానీ, చేపలూ రొయ్యలూ రోజూ తినే ఇంటి మనిషికి 200 మైక్రోగ్రాముల అదనం ఎందుకో నాకు అర్థం కాలేదు. ఇక చేప నూనె, త్వరగా పాడయ్యే కొవ్వును పొరకు అందిస్తుంది. పైగా ఆ క్యాప్సూల్ లోపలి నూనె పాడవకుండా తయారీదారులు చాలావాటిలో కాస్త వైటమిన్ ఇ కలుపుతారు.

అబ్బాయితో మాట

ఆ సాయంత్రం వీడియో కాల్‌లో అబ్బాయి మాట్లాడాడు. మర్యాదగల కుర్రాడు, బాగా చదివే వచ్చాడు. "సార్, యాంటీ ఆక్సిడెంట్లతో సైడ్ ఎఫెక్ట్స్ తగ్గుతాయని ట్రయల్ కూడా ఉంది," అన్నాడు. ఉంది. అతను చదివింది సగం.

కెనడాలోని క్యూబెక్‌లో తల, మెడ క్యాన్సర్లకు రేడియేషన్ తీసుకుంటున్న 540 మందిని రెండు జట్లుగా విడగొట్టి చేసిన ట్రయల్ అది. ఫలితాలు 2005లో వచ్చాయి. ఒక జట్టుకు రోజుకు 400 ఐయూ వైటమిన్ ఇ. మొదట్లో బీటా కెరోటిన్ కూడా ఇచ్చారు, తర్వాత దాన్ని మానేశారు. రెండూ కలిపి తీసుకున్నవాళ్లలో తీవ్రమైన దుష్ప్రభావాలు నిజంగానే తగ్గాయి. కానీ సప్లిమెంట్ జట్టులో కణితి అదే చోట తిరగబెట్టడం ఎక్కువవైపు మొగ్గింది. రెండో జట్టుతో పోలిస్తే నిష్పత్తి 1.37, ఐతే కాకతాళీయం కాదని చెప్పగలిగే గణాంకాల గీతను మాత్రం దాటలేదు. మరుసటి ఏడాది ప్రచురించిన విశ్లేషణలో మొత్తం మరణాల నిష్పత్తి 1.38, ఇది గీత దాటింది. రేడియేషన్ రోజుల్లో పొగతాగడం ఆపనివాళ్లలోనే నష్టం ఎక్కువ కనిపించిందని ఆ తర్వాత మరో విశ్లేషణ వచ్చింది.

"దుష్ప్రభావాలు తగ్గుతాయి, నిజమే బాబూ. సమస్య అక్కడే ఉంది," అన్నాను. నోటి పొరను కాపాడేది కణితిని ఎందుకు కాపాడదు? వైటమిన్ ఇకి మంచి కణమేదో చెడ్డ కణమేదో తెలియదు.

ఆ ట్రయల్‌కు పరిమితులున్నాయి. అందులో ఉన్నవాళ్లు తొలి దశల రోగులు, కీమో లేకుండా రేడియేషన్ ఒక్కటే తీసుకున్నారు. మన రోగి టీ3, పైగా సిస్‌ప్లాటిన్ ఉంది. అప్పటికి ఫెరాప్టోసిస్ అనే పేరే లేదు కాబట్టి వాళ్లు కణాల్లో దాన్ని కొలవలేదు. ఆ ఫలితానికి కారణం ఇదేనని ఖాయం చేయడం తొందరపాటవుతుంది. ఐనా నా ముందున్న ప్రశ్న చిన్నది: ఈ మాత్ర వల్ల ఆయనకు వచ్చే లాభం ఎంత, పోగొట్టుకునేది ఎంత? నోటి పూతను చూసుకోవడానికి నా దగ్గర వేరే దారులున్నాయి. తిరగబెట్టిన స్వరపేటిక క్యాన్సర్‌కు మిగిలే దారి చాలాసార్లు ఆపరేషనే, మాట పోతుంది. వైటమిన్ ఇ, సెలీనియం ఆ రోజే ఆపించాను.

బీడీ సంగతి కూడా అప్పుడే తేలింది. మానేశానని ఆయన మాతో చెప్పారు. "చెరువు గట్టు మీదికెళ్తే మానరండి," అని భార్య పక్కనే ఉండి అనేశారు. ఆయన తల దించుకున్నారు. ఆ రోజు నుంచి ఆసుపత్రికి దగ్గర్లో గది తీసుకుని ఉండమన్నాను, ప్రయాణం తగ్గుతుందని ఒక కారణం, చెరువు గట్టు దూరమవుతుందని ఇంకో కారణం.

చేప నూనె ఎందుకు ఆపాను

ఇక్కడే నా తోటి డాక్టర్లతో వాదన వచ్చింది. చేప నూనె పొరలో డీహెచ్‌ఏ పెంచి ఫెరాప్టోసిస్‌కు దారి చేస్తుంటే, దాన్ని ఎందుకు ఆపాలి? ఇంకా ఇవ్వాలి కదా? ల్యాబు వాదన బలంగానే ఉంది. 2021లో బెల్జియంలోని లూవాన్ శాస్త్రవేత్తలు, ఆమ్లగుణం ఎక్కువున్న వాతావరణంలో బతికే క్యాన్సర్ కణాలు డీహెచ్‌ఏ తిని ఫెరాప్టోసిస్‌తో చస్తాయని చూపించారు. కణితి నడిబొడ్డు అలాంటి చోటే. ఒమేగా-3 ఎక్కువున్న తిండి పెట్టిన ఎలుకల్లో కణితి పెరుగుదల నెమ్మదించింది.

నా అభ్యంతరం సిస్‌ప్లాటిన్ దగ్గర. నెదర్లాండ్స్‌లో ఎమిల్ వోస్ట్ బృందం 2011లో ఒక వింత గమనించింది. సిస్‌ప్లాటిన్ ఇచ్చాక శరీరంలోని మెసెంకైమల్ అనే మూలకణాలు రెండు రకాల కొవ్వు ఆమ్లాలను వదులుతాయి, అవి ఎలుకల్లో కణితిని ఆ మందుకు లొంగకుండా చేశాయి. అందులో ఒకటి పదహారు కర్బనాలు, నాలుగు ద్విబంధాలున్న ఒమేగా-3 రకం. అదే కొవ్వు ఆమ్లం బజారులో దొరికే చేప నూనెల్లో కూడా ఉందని, తాగిన ఆరోగ్యవంతుల రక్తంలో దాని మోతాదు పెరుగుతుందని 2015లో చూపించారు. కీమో ముందు రోజు నుంచి తర్వాతి రోజు దాకా చేప నూనె మానమని వాళ్ల సలహా. వారం వారం సిస్‌ప్లాటిన్ పడే మనిషికి అలా మూడు రోజులు ఆపి నాలుగు రోజులు వేసుకోమని చెప్పడం కన్నా, ఏడు వారాలూ మానమనడం తేలిక.

ఒక కొవ్వు ఆమ్లం చంపడానికి తోడ్పడుతుంది, దాని దాయాది కాపాడుతుంది, రెండూ ఒకే క్యాప్సూల్లో ఉన్నాయి. ఇలాంటప్పుడు ఇవ్వకపోవడమే నాకు నయమనిపించింది. బరువు తగ్గుతున్న కీమో రోగుల్లో ఆకలి, బరువు నిలబెట్టడానికి చేప నూనె వాడొచ్చని యూరప్ పోషకాహార మార్గదర్శకాలు అంటాయి, అది నాకు తెలుసు. ఈయన విషయంలో ఆ పని ట్యూబ్ ఫీడ్ చేస్తుందనుకున్నాను.

చేపల కూర మానమని మాత్రం చెప్పలేదు. హెర్రింగ్, మాకెరెల్ చేపల్లో ఆ కొవ్వు ఆమ్లం ఎక్కువని డచ్ వాళ్లు కొలిచారు. మన శీలావతి, బొచ్చె వేరే జాతులు. అదీకాక నోరంతా పూసిన మనిషి పులుసు ఎలాగూ తినలేరు. ఉడకబెట్టి ముళ్లు తీసి మెత్తగా చేసి పెట్టమన్నాను, మాంసకృత్తులు అందుతాయి.

నాలుగో వారం

నాలుగో వారానికి నోటి పూత మూడో గ్రేడుకు, అంటే తినడమే కష్టమయ్యేంత తీవ్రతకు చేరింది. బరువు 57కి పడింది. ముక్కులోంచి కడుపులోకి రైల్స్ ట్యూబ్ వేశాం. రాగిజావ, పాలు, గుడ్లు, పప్పు కట్టు, అందులో చెంచా నూనె. డైటీషియన్ రోజుకు 1800 కేలరీల దాకా లెక్క కట్టారు. "ఏ నూనె పొయ్యమంటారండి?" అని భార్య అడిగారు. ఒలీయిక్ ఆమ్లం ఎక్కువున్న పొర ఫెరాప్టోసిస్‌ను తట్టుకుంటుందని ల్యాబుల్లో తేలిన మాట నిజమే. ఆ లెక్కన వేరుశనగ నూనె వద్దు, పొద్దుతిరుగుడు నూనె ముద్దు అనాలి. అలా చెప్పడానికి మనుషుల్లో ఆధారం ఏమీ లేదు. చెంచా నూనెతో కణితి పొర మారిపోతుందని చెప్పి ఆ ఇంట్లో కొత్త టెన్షన్ పెట్టడం నాకిష్టం లేదు. ఇంట్లో ఏది వాడుతుంటే అదే పొయ్యమన్నాను.

అదే వారం, బంధువు ఒకాయన కాకర గింజల పొడి తెచ్చారు, వాట్సాప్‌లో వచ్చిందట. నవ్వి పంపేద్దామనుకున్నాను గానీ, ఆ గింజల నూనెలో నిజంగానే ఆసక్తికరమైన సరుకు ఉంది. ఆల్ఫా ఎలియోస్టియరిక్ ఆమ్లం అనే ఈ కొవ్వు ఆమ్లం క్యాన్సర్ కణాల్లో ఫెరాప్టోసిస్ తెస్తుందని 2021లో ప్రచురించారు, అదే ఆమ్లం నిండుగా ఉన్న టంగ్ నూనె తాగించిన ఎలుకల్లో కణితి పెరుగుదల తగ్గింది. ఆ వివరం చెప్పి, పొడి మాత్రం వద్దన్నాను. ఎలుకకు ట్యూబ్‌తో పోసిన నూనె మోతాదు గుప్పెడు గింజల పొడిలో ఎంతకు సమానమో ఎవరూ లెక్కకట్టి చెప్పలేరు, ఈలోపు నోటి పుండ్ల మీద కాకర పొడి ఏం చేస్తుందో ఊహించొచ్చు.

అసలు బేరం ఆ తర్వాత వచ్చింది. "పది రోజులు ఆపుదామండి, కాస్త కోలుకున్నాక మళ్లీ వస్తాం." ఈ మాట దాదాపు ప్రతి తల, మెడ రోగి కుటుంబమూ నాలుగో వారంలో అంటుంది. ఒప్పుకోలేదు. చచ్చే కణితి కణాలు పక్కనున్నవాటిని లేపి పెంచుతాయి. ఇదీ కొవ్వు ఆమ్లం పనే. అపాప్టోసిస్‌లో ఉన్న కణంలో కాస్పేజ్-3 అనే ఎంజైమ్, ఫాస్ఫోలైపేజ్ అనే ఇంకో ఎంజైమ్‌ను తెంచి చురుగ్గా చేస్తుంది, అది పొరలోంచి ఆరాకిడోనిక్ ఆమ్లాన్ని విడగొడుతుంది, అందులోంచి పుట్టిన ప్రోస్టాగ్లాండిన్ ఈ2 బతికి ఉన్న కణాలకు పెరగమని సంకేతం ఇస్తుంది. 2011లో ఈ సంగతి బయటపడింది. క్లినిక్‌లో దీని నీడ ఎప్పటినుంచో తెలుసు. తల, మెడ కణితులు సుమారు నాలుగో వారం నుంచి వేగంగా పెరగడం మొదలెడతాయని, దాన్ని కొట్టివేయడానికే రోజుకు 0.6 గ్రే అదనంగా కావాలని విదర్స్ బృందం 1988లో లెక్క చెప్పింది. పది రోజులు ఆపితే 6 గ్రే, అంటే మూడు విడతల రేడియేషన్ వృథా. ఆ లెక్క కాగితం మీద రాసి చూపించాను. ఒప్పుకున్నారు.

ప్రోస్టాగ్లాండిన్ తయారీని అడ్డుకుంటాయి కదా అని నొప్పి మాత్రలు వాడొచ్చా అంటే, సిస్‌ప్లాటిన్ పడుతున్న కిడ్నీలున్న మనిషికి కుదరదు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన డైక్లోఫెనాక్ కూడా ఆపించి, ట్రమడాల్, తర్వాత మార్ఫిన్‌తో నొప్పి అదుపు చేశాం. ఐదో కీమో తర్వాత క్రియాటినిన్ కాస్త పెరిగితే ఆరోది వదిలేశాం. రేడియేషన్ 35 విడతలూ గ్యాప్ లేకుండా పూర్తయ్యాయి.

నేను వాడని విషయాలు

ఈ రంగంలో కనబడే ఇంకో రెండు దారుల గురించి రెండు ముక్కలు. రేడియేషన్ తట్టుకుని బతికిన కణాలు కొవ్వు ఆమ్లాలను మైటోకాండ్రియాలో కాల్చి శక్తి తెచ్చుకుంటాయి, దానికి తలుపు సీపీటీ1ఏ అనే ఎంజైమ్. ముక్కు వెనుక భాగపు క్యాన్సర్ కణాల్లో ఆ తలుపు మూస్తే రేడియేషన్‌కు లొంగడం చూశారు. తలుపు మూసే ఎటోమాక్సిర్ అనే మందును మాత్రం గతంలో గుండె జబ్బు రోగుల్లో ప్రయత్నించి, లివర్ ఎంజైమ్‌లు పెరగడంతో ఆపేశారు. రెండోది సెరమైడ్. రేడియేషన్ తగిలిన నిమిషాల్లోనే పొరలోని స్ఫింగోమైలిన్ అనే కొవ్వును ఒక ఎంజైమ్ తెంచితే సెరమైడ్ పుడుతుంది, అది అపాప్టోసిస్‌కు తోస్తుంది. ఆ ఎంజైమ్ పుట్టుకతో లేని నీమన్-పిక్ అనే జబ్బు ఉన్నవాళ్ల కణాలు రేడియేషన్‌కు అలా చావవు, ఎంజైమ్ తిరిగి అందిస్తే చస్తాయి. రక్తనాళాల్లో ఇది ముఖ్యంగా ఒక్కసారే పెద్ద డోసు ఇచ్చినప్పుడు కనబడేది. రోజుకు 2 గ్రే ఇచ్చే మా రోగికి దాన్ని అన్వయించను.

ఫలితం

12 వారాలకు, మిగిలిన క్యాన్సర్ ఏమైనా ఉందేమో చూసే పీఈటీ-సీటీ స్కాన్ తీశాం. స్వరపేటికలో గానీ మెడ గ్రంథిలో గానీ మిగిలిన కణితి ఆనవాలు లేదు. స్కోప్‌లో కాస్త వాపు ఉంది, స్వరతంత్రి కొంత కదులుతోంది. ట్యూబ్ తీసేశాం, మెత్తటి అన్నం తింటున్నారు, బరువు 56 దగ్గర నిలిచింది. సప్లిమెంట్లు ఆపడం వల్లే ఇలా జరిగిందని నేను అనను. టీ3 రోగుల్లో చాలామందికి ఈ చికిత్సతోనే ఈ ఫలితం వస్తుంది, ఒక్క కేసుతో ఏదీ తేలదు.

ఈ కేసు తర్వాత మా సిస్టర్లు మందుల గురించి అడిగే పద్ధతి మారింది. బలానికి, వేడి తగ్గడానికి, విదేశాల నుంచి వచ్చినవి ఏమున్నా సీసాతో సహా తెమ్మంటున్నారు. ప్లానింగ్ సీటీ రోజునే చూస్తున్నాం. వైటమిన్ ఇ అరుదుగా కాదు, తరచుగానే బయటపడుతోంది. ముఖ్యంగా పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లలో.

పీఈటీ రిపోర్టు చూశాక అబ్బాయి మళ్లీ ఫోన్ చేసి, "సార్, ఇప్పుడైనా మొదలుపెట్టొచ్చా?" అని అడిగాడు. చేప నూనెకు ఇప్పుడు అడ్డేమీ లేదు గానీ ఆయన ట్రైగ్లిజరైడ్లు మామూలుగానే ఉన్నాయి, దాని అవసరమూ లేదన్నాను. వైటమిన్ ఇ మాత్రం వద్దే వద్దన్నాను. క్యూబెక్ ట్రయల్‌లో రేడియేషన్ అయ్యాక కూడా మూడేళ్లు మాత్రలు కొనసాగించారు, అవి వాడుతున్న కాలంలో ఆ జట్టులో రెండో క్యాన్సర్లు ఎక్కువ వచ్చాయి. పాతికేళ్లు బీడీ తాగిన గొంతుకు ఆ ప్రమాదం ఎలాగూ ఉంది. నెలకోసారి స్కోప్‌కు రమ్మన్నాను, థైరాయిడ్ పరీక్ష ఆరో నెలలో.